ఉయ్యాల కొక్కెం, పక్క గది తలుపు

ఎమ్మిగనూరు నుంచి కూతురి కాన్పుకు అమెరికా వెళ్ళి వచ్చిన తల్లులు అక్కడి మంచు గురించీ రోడ్ల గురించీ కాసేపే చెబుతారు. ఎక్కువసేపు చెప్పేది ఒక గది గురించి. బిడ్డ పుట్టకముందే గోడలకు రంగు వేసి, కటకటాల మంచం బిగించి, కిటికీకి వెలుతురు రాని పరదా కట్టి సిద్ధం చేసిన గది. "పసిగుడ్డును ఆ గదిలో ఒంటిగా పండబెడతారంట, మనసెట్లొస్తుందో" అన్నది ఆ సంభాషణలో తప్పకుండా వచ్చే మాట. ఆదోనిలో అడిగినా ఇదే మాట వస్తుంది. అవతలి వాళ్ళకూ మనల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మూడేళ్ళు నిండినా తల్లి కొంగు పట్టుకుంటే తప్ప కన్ను మూయని పిల్ల, తనంతట తాను నిద్రపోవడం ఎప్పుడు నేర్చుకుంటుంది? రెండు ప్రశ్నలూ ప్రేమతో అడిగినవే. కాకపోతే ఇద్దరూ ఎదుటి పద్ధతిని సగమే చూసి అడుగుతున్నారు. ఉయ్యాల సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు కాబట్టి అవతలి పక్క గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. అయితే మన పద్ధతి కూడా మనకు పూర్తిగా తెలుసని అనుకోవడానికి లేదు.

ఈ పడమటి కర్నూలు సీమలో పాత మిద్దె ఇంట్లోకి వెళ్ళి తల పైకెత్తితే పడసాల దూలానికి ఇనుప కొక్కేలు కనబడతాయి. ఇల్లు కట్టిన రోజే వాటిని దిగగొట్టి ఉంటారు. ఆ ఇంట్లో పుట్టబోయే బిడ్డలందరి కోసం, వాళ్ళు పుట్టకముందే చేసిన ఏర్పాటు అది. బండలు పరిచిన నేల, మట్టి గోడల సందులు తేళ్ళకు ఇళ్ళు. ఎండాకాలం వస్తే చీమలు బారులు తీరతాయి. మేలో పాదరసం నలభై డిగ్రీలు దాటాక గచ్చు కూడా కాగుతుంది. నేలకు రెండు మూడడుగుల ఎత్తున వేలాడే ఉయ్యాలకు ఈ మూడింటి బెడదా లేదు. పైగా ఊగుతున్నంతసేపూ అడుగు నుంచి గాలి ఆడుతుంది. పగలంతా బిడ్డ అందులో ఎవరి ఒంటికీ తగలకుండా, తన బట్టలో తాను పడుకుంటుంది. అంటే తల్లి ఒంటి నుంచి బిడ్డను మొదట వేరు చేసేది మన దగ్గర ఉయ్యాలే. బిడ్డకు వేరే చోటు కల్పించడం మనకు తెలియని పని కాదు. ఆ చోటుకు గోడలు కట్టలేదు, అంతే.

అమెరికా గదికి మాత్రం గోడలున్నాయి, తలుపుంది. అది అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. వాళ్ళ పాత ఇళ్ళలోనూ ఊగే తొట్టెలు ఉండేవి, పిల్లలు పెద్దవాళ్ళ పక్కల్లోనే పడుకునేవారు. 1894లో ఎల్. ఎమ్మెట్ హోల్ట్ అనే న్యూయార్కు పిల్లల వైద్యుడు తల్లులకోసం ప్రశ్నలూ జవాబులుగా ఒక చిన్న పుస్తకం రాశాడు. బిడ్డను ఊపడం అక్కర్లేని అలవాటని, మాన్పించడం కష్టమని అందులో చెప్పాడు. వేళకు పాలు, వేళకు నిద్ర, శుభ్రమైన గాలి, వేరే పడక అన్న ఆ క్రమశిక్షణ మధ్యతరగతి ఇళ్ళలో నెమ్మదిగా పాతుకుపోయింది. ఇళ్ళలో వేడి గాలి గొట్టాలు రావడం, కుటుంబం భార్యాభర్తల వరకే కుదించుకుపోవడం, గదుల సంఖ్య పెరగడం దానికి తోడయ్యాయి. ఉయ్యాల మన వాతావరణంలోంచి పుట్టినట్టే, పక్క గది వాళ్ళ వాతావరణంలోంచి, వాళ్ళ కుటుంబం ఆకారంలోంచి పుట్టింది.

గోడ కట్టాక భయం పోయిందా అంటే, లేదు. 1932 మార్చి 1 రాత్రి న్యూజెర్సీలో విమానచోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ కొడుకును ఇంటి పై అంతస్తులోని పిల్లవాడి గది నుంచే ఎత్తుకుపోయారు. కిటికీకి నిచ్చెన వేసి ఎక్కారు. కింది గదుల్లో ఉన్న పెద్దలకు ఏమీ తెలియలేదు. ఆ దుర్ఘటన దేశమంతటినీ కలచివేసింది. ఐదేళ్ళ తర్వాత, 1937లో, జెనిత్ కంపెనీ రేడియో నర్స్ అనే పరికరాన్ని తెచ్చింది. బిడ్డ గదిలో పెట్టిన పెట్టె చప్పుడును పట్టి పంపితే, పెద్దల గదిలోని పెట్టె దాన్ని వినిపిస్తుంది. దాని రూపకర్త ఇసాము నొగుచి, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప శిల్పుల్లో ఒకడు. ముసుగు వేసుకున్న ముఖంలా ఉండే ఆ పెట్టె ఇప్పుడు కళావస్తువుగా మ్యూజియాల్లో ఉంది. ఇవాళ మన పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కొనుక్కునే కెమెరా మానిటర్లన్నీ దాని సంతతే. గోడ కట్టిన వాళ్ళే ఆ గోడకు ఒక చెవి కూడా పెట్టుకున్నారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే "మనసెట్లొస్తుందో" అన్న ప్రశ్న సగం కరిగిపోతుంది. ఆ మనసు రాత్రంతా ఆ పెట్టె దగ్గరే ఉంటుంది.

మన ఇంట్లో ఆ చెవి ఎక్కడుంది? ఒక చోట లేదు. మాచాని సోమప్ప 1938లో నేత కార్మికుల సహకార సంఘాన్ని నిలబెట్టిన ఎమ్మిగనూరులో మగ్గం ఇళ్ళను చూడండి. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి చేతులూ కాళ్ళూ రెండూ పనిలోనే ఉంటాయి. పక్కన రాట్నం మీద కండెలు చుట్టే ఆడమనిషికి మాత్రం ఉయ్యాల తాడు అందుతుంది. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోతే అరుగు మీది అవ్వ అందుకుంటుంది. అవ్వకు కునుకు పడితే పక్కింటి పిల్ల ఉంది. మగ్గం చప్పుడులో బిడ్డ నిద్రపోతుంది, చప్పుడు ఆగితే లేస్తుంది. ఇంతమంది చెవుల మధ్య ఉన్న బిడ్డకు మానిటరు అక్కర్లేదు. అయితే ఇన్ని చెవులుండాలంటే ఇంట్లో ఇంతమంది మనుషులుండాలి. మన పద్ధతిని పొగిడేటప్పుడు ఈ షరతును చాలామంది మరిచిపోతారు.

షరతు నెరవేరని చోట్లు మన సీమలోనే ఉన్నాయి. వానలు మొహం చాటేసిన ఏట ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెలు సుగ్గికి పోతాయి. పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కుతాయి. అక్కడ పడసాలా లేదు, దూలమూ లేదు. చేని గట్టున తుమ్మచెట్టు కొమ్మకు అమ్మ పాత చీర కట్టి బిడ్డను వేస్తారు, సాళ్ళలో వంగిన తల్లి ఆ చెట్టు వైపే కన్ను వేసి ఉంచుతుంది. రాత్రి గుడారంలో అందరికీ కలిపి ఒకటే పడక. వేరే గది అన్న మాటకు అక్కడ చోటే లేదు. ఆ పడకను తల్లీబిడ్డల సామీప్యానికి సాక్ష్యంగా చూపించి మురిసిపోవడం నాకు న్యాయంగా తోచదు. ఇష్టపడి పక్కలో పండబెట్టుకోవడం వేరు, ఇంకో చోటు లేక పండబెట్టుకోవడం వేరు.

ఇక పోలికలోకి వస్తే, రెండు పద్ధతులూ అనుకోకుండా ఒకే చోట కలిసే సందర్భం ఒకటి ఉంది. చీర ఉయ్యాలలో పసిబిడ్డను వేసే తీరు వెల్లకిలానే. అమెరికాలో మాత్రం ఈ విషయంలో చాలాకాలం పొరపాటు జరిగింది. బెంజమిన్ స్పాక్ రాసిన శిశుపోషణ పుస్తకం కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. 1958 కూర్పు నుంచి అది బిడ్డను బోర్లా పడుకోబెట్టమని చెప్పింది. కారణం తెలియకుండా నిద్రలో ప్రాణాలు పోయే శిశువుల గురించి పరిశోధనలు పోగుపడ్డాక, 1992లో అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్ బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. 1994లో దేశవ్యాప్త ప్రచారం మొదలైంది, అలాంటి మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. తమ తప్పును లెక్కలతో పట్టుకుని, బహిరంగంగా సరిదిద్దుకోవడం ఆ సంప్రదాయంలోని గొప్ప గుణం. క్రిబ్ అనే ఆ కటకటాల మంచానికి ఊచల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. పక్క చట్రం కిందికి జారే క్రిబ్‌ల అమ్మకాన్ని 2011లో నిషేధించారు. క్రిబ్ చుట్టూ కట్టే మెత్తల్ని 2022 చట్టం నిషేధించింది. ఒక్కొక్క నియమం వెనకా ఎక్కడో పోయిన బిడ్డలున్నారు.

మన ఉయ్యాలకు ఇలాంటి లెక్క ఎవరూ రాయలేదు. చీర ఉయ్యాలలో ఆడుకుంటూ అది మెడకు బిగుసుకుని పిల్లలు పోయిన వార్తలు మన పత్రికల్లో ఏటా కనబడతాయి. చిన్న వార్తగా వచ్చి పోతాయి, నియమంగా మారవు. పసికందు గడ్డం ఛాతీకి ఆనేలా ముడుచుకుపోయే లోతైన జోలె, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, మెడ దాకా కప్పే దుప్పటి: ఈ మూడింటి మీదా అక్కడి వైద్యులకు అభ్యంతరం ఉంది, గట్టిగా చదునుగా ఉన్న పరుపు తప్ప ఇంకేమీ వద్దంటారు. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన నూలు దుప్పటిని మనవరాలి కోసం పెట్టెలో పెట్టుకుని పోయిన అమ్మమ్మకు దాన్ని క్రిబ్‌లో వేయకూడదంటే కష్టం కలుగుతుంది. ఆ కష్టం నాకు అర్థమవుతుంది, అయినా ఇక్కడ నేను వైద్యుల పక్షమే. ఆ దుప్పటి మీద పగటిపూట, పెద్దల కళ్ళ ముందు, బిడ్డ బోర్లా పడి పాకడం నేర్చుకోవచ్చు.

అలాగే రెండు చోట్లా బిడ్డ కంటే ముందు పడకకు పరీక్ష ఉంది. 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకాకు కన్నడ సీమ ఆచారాలు పరాయివి కావు. ఆ సీమలో చాలా ఇళ్ళలో నామకరణం రోజు పొత్రపు రాయికి బట్ట చుట్టి, గుండప్ప అని పేరు పెట్టి, ముందు దాన్ని ఉయ్యాలలో వేసి ఊపుతారు. ఆ తర్వాతే బిడ్డ. రాయంత గట్టిగా బతకాలన్నది కోరిక. ఆ రాయి బరువుకు కొక్కెం, తాడు సత్తా కూడా తెలిసిపోతుందని నాకనిపిస్తుంది. అమెరికాలో ఆ పని ప్రయోగశాలలో యంత్రాలు చేస్తాయి. ఇక్కడ ముత్తైదువల చేతుల్లో, పాటల మధ్య జరుగుతుంది.

అసలు తేడా మరోచోట ఉందని నా అభిప్రాయం. బిడ్డ రావడంతో పడకగది నుంచి ఎవరు బయటికి పోతారు? అక్కడ కొన్నాళ్ళకు బిడ్డ పోతుంది. ఇక్కడ మొదటి రోజే భర్త పోతాడు. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి రావడం, పురిటి గదిలో తల్లీబిడ్డా ఇద్దరే ఉండటం, పొగ, కాపడం, కారం, మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా అల్లుడు చుట్టంలా వచ్చి చూసిపోవడం మనకు తెలిసినవే. మనకూ వేరే గది ఉంది. అది బిడ్డ ఒక్కదానిదీ కాదు, దంపతులదీ కాదు, తల్లీబిడ్డలది. మానవశాస్త్రవేత్త రిచర్డ్ ష్వేడర్ తన సహచరులతో కలిసి భువనేశ్వర్‌లోనూ షికాగోలోని హైడ్ పార్క్‌లోనూ దీన్నే పరిశీలించాడు. తల్లిదండ్రులు, ఐదుగురు పిల్లలున్న ఒక ఊహా కుటుంబాన్ని ఇచ్చి, గదుల సంఖ్య మారుస్తూ, ఎవరిని ఎవరి పక్కన పడుకోబెడతారని అడిగారు. 1995లో ఆ పరిశీలన అచ్చయింది. అమెరికా వాళ్ళు దంపతుల ఏకాంతాన్ని కాపాడటానికి ఎంతో పట్టుబట్టారు. ఒరియా వాళ్ళకు మాత్రం చిన్నపిల్లలు ఒంటరిగా ఉండకూడదన్నది అంతకంటే ముఖ్యం. ఆదోనిలో అడిగినా జవాబు భువనేశ్వర్ జవాబుకే దగ్గరగా ఉంటుందని నా నమ్మకం. ఒక విలువ గొప్పది, ఇంకోటి తక్కువది అని నేను అనలేను. ఏళ్ళ తరబడి దంపతులకు గదే లేకుండా చేసిన ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి. బిడ్డ ఏడుస్తుంటే తలుపవతల గడియారం చూస్తూ నిలబడిన తల్లులు అక్కడ ఉన్నారు. రెండు చోట్లా ఎవరో ఒకరు నష్టపోయారు.

మనకు కూడా పక్క మారే రాత్రి ఒకటి ఉంది. దాన్ని మనం ఎప్పుడూ ఒక ఘట్టంగా లెక్కపెట్టలేదు. తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు పెద్దది అవ్వ పక్కకు మారుతుంది. వేపాకు ముద్ద రాసి పాలు మాన్పించడం, ఆ తర్వాత తల్లి వైపు చెయ్యి చాచకుండా అవ్వ అటు తిప్పి పడుకోబెట్టడం, కథ చెప్పడం, రెండు మూడు రాత్రుల ఏడుపు. అమెరికాలో పక్క గదికి మార్చేటప్పుడు వినబడే ఏడుపు ఇదే. రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకం కాస్త కాస్త ఆగి, వ్యవధి పెంచుకుంటూ బిడ్డ దగ్గరికి వెళ్ళమంది. తలుపు మూసి ఏడవనిస్తారని ఆ పద్ధతికి పేరు పడింది. మన వేపాకు గురించి ఎవరూ పుస్తకం రాయలేదు కాబట్టి అది కఠినంగా కనబడదు. తల్లి నుంచి బిడ్డను తప్పించడం ఇక్కడా అక్కడా ఉన్నదే. ఇక్కడ బిడ్డ ఇంకో మనిషి ఒడిలోకి మారుతుంది, అక్కడ తన ఒంటరి పడకలోకి మారుతుంది. ఈ తేడా చిన్నది కాదు, ఇందులో నా మనసు అవ్వ వైపే మొగ్గుతుంది.

అక్కడి శాస్త్రం కూడా ఒక మాట మీద నిలిచి లేదు. 2016లో అమెరికా పిల్లల వైద్యుల సంస్థ బిడ్డను తల్లిదండ్రుల గదిలోనే, వేరే పడక మీద, వీలైతే ఏడాది దాకా, కనీసం ఆరు నెలల దాకా పడుకోబెట్టమంది. ఆ మరుసటి ఏడే పెన్ స్టేట్ పరిశోధకులు, నాలుగో నెలలోపే వేరే గదికి మారిన బిడ్డలు తొమ్మిదో నెలలో, అప్పటికీ తల్లిదండ్రుల గదిలోనే ఉన్నవాళ్ళకంటే రాత్రికి నలభై నిమిషాలు ఎక్కువ నిద్రపోతున్నారని చూపారు. 2022లో సంస్థ కనీసం ఆరు నెలలు అన్న మాట వరకే నిలిచింది. ఫెర్బర్ కూడా 2006 కూర్పులో పక్కలో పడుకోబెట్టుకోవడం మీద పాత పట్టు సడలించాడు. అలాగే ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో దక్షిణాసియా మూలాల కుటుంబాల్లో హఠాత్ శిశుమరణాలు తెల్లవారి కుటుంబాల కంటే బాగా తక్కువగా ఉండటం పరిశోధకులను ఆకర్షించింది. బిడ్డను తమ గదిలోనే ఉంచుకోవడం, ఇంట్లో పొగా మద్యమూ తక్కువ కావడం, సోఫా మీద బిడ్డతో నిద్రపోకపోవడం వాళ్ళు చూపిన కారణాలు. దీన్నిబట్టి పక్కలో పడుకోబెట్టుకోవడమే క్షేమమని ఎగిరి గంతేయకూడదు. తల్లి మంచం మీద కాకుండా తల్లి గదిలో, వేరే పడక మీద అన్నది అక్కడి వైద్యుల మాట. మన పాత రాత్రుల్లో తల్లి మంచం పక్కనే వేలాడిన ఉయ్యాలకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇలా సర్దుకునే స్వభావం ప్రభుత్వాలకు ఒక్కోసారి ఉండదు. 2011లో నార్వేలోని స్టవాంగర్‌లో ఒక భారతీయ జంట ఇద్దరు పిల్లల్నీ శిశుసంక్షేమ అధికారులు తీసుకుపోయారు. కొడుకు తండ్రి పక్కలో పడుకోవడం, చేత్తో అన్నం కలిపి పెట్టడం కూడా తమ మీద మోపిన అభ్యంతరాలేనని ఆ తల్లిదండ్రులు చెప్పారు. ఆ కేసులో ఇంకా చాలా అంశాలున్నాయి, నేను తీర్పరిని కాను. అయితే ఒక సమాజం తన గది అమరికనే ప్రేమకు కొలతగా పెట్టుకుంటే ఏమవుతుందోనన్న భయం చాలా ప్రవాస కుటుంబాలకు తెలిసింది. క్రిబ్‌ను చూసి రాతి గుండె అనే మన మాట కూడా ఆ కొలతకు మరో వైపే.

ఇప్పుడు ఆ రెండు లోకాలూ ఒకే ఇంట్లో కలుస్తున్నాయి. కూతురి కాన్పుకు వెళ్ళే అమ్మకు మామూలుగా ఆరు నెలల అనుమతి దొరుకుతుంది. నెల ముందే చేరుకుంటే, బిడ్డకు ఐదో నెల నిండేసరికి తిరుగు విమానం. బిడ్డను పక్క గదికి మార్చవచ్చని వైద్యులు చెప్పే వేళ, అమ్మమ్మ ఇల్లు వదిలే వేళ దాదాపు ఒకటే అవుతున్నాయి. ఇది కేవలం కాకతాళీయం. అయినా ఆ ఇంట్లో దాని అర్థం పెద్దది. చెవులు మూడు నుంచి రెండుకు తగ్గిన వారంలోనే గోడ కూడా లేస్తుంది. చాలా ఇళ్ళలో దీనికి దొరికిన ఉపాయం నాకు బాగా నచ్చింది. అటు అమ్మమ్మ విమానం ఎక్కగానే ఇటు నానమ్మ దిగుతుంది. బిడ్డ గదిలోనే, క్రిబ్ పక్కన నేల మీద పరుపు వేసుకుని పడుకుంటుంది. గది బిడ్డదే, పడక బిడ్డదే, చదునైన పరుపు, దిండు లేదు, దుప్పటి లేదు. పక్కన మాత్రం ఒక మనిషి ఉంది. అక్కడి నియమమూ ఇక్కడి నమ్మకమూ రెండూ చెడకుండా కుదిరిన ఏర్పాటు ఇది.

అక్కడి ఇంట్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఇంకోటుంది. రాత్రి రెండింటికి మానిటరు మోగితే లేచేది చాలాసార్లు తండ్రి. గోడా తలుపూ వచ్చాక పాలు ఇచ్చే పనీ ఓదార్చే పనీ వేరయ్యాయి, ఓదార్చే పనికి మగవాడు అర్హుడయ్యాడు. మన పురిటి గది ఆయన్ను బయట అరుగు మీద పడుకోబెట్టింది. ఆ దూరం గౌరవంలా కనిపించింది కానీ, ఆయనకు బిడ్డ రాత్రుల్ని లేకుండా చేసింది. జనవరిలో నీలకంఠేశ్వరుడి తేరుకు ఎమ్మిగనూరు వచ్చిన కుటుంబాల్ని గమనిస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది. అక్కడి పగలు ఇక్కడి రాత్రి కావడంతో బిడ్డ అర్ధరాత్రి మేలుకుని ఆడుకోవాలంటుంది. ఇల్లంతా లేస్తుంది. అందరికంటే ముందు లేచేది కొడుకు. "నువ్వు పండుకో నాయనా, దినమంతా తిరిగి అలిసిపోయినావు, నేను చూసుకుంటా" అంటుంది వాళ్ళమ్మ. "అక్కడ దినామూ నేనే లేస్తానుమా, నువ్వు పండుకో" అంటాడు అతను. ముప్పై ఏళ్ళ కిందట ఇదే పడసాలలో అతని నాయనకు ఆ పని ఎవరూ అప్పగించలేదు. అప్పగించి ఉంటే ఆయనా లేచేవాడే.